మరకలమ్మ సాక్ష్యం

ఆవిడకి కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉంది కానీ అది కాగితాల మీదే మిగిలిపోయింది. వీధి వీధంతా ఆవిడని మరకలమ్మ అంటుంది. ఎదురుగా అంటే నొచ్చుకుంటుందేమోనని మొదట్లో చాటుగా అనేవాళ్లు. ఒకరోజు ఆవిడే ఫోనెత్తి, "ఆఁ, మరకలమ్మనే మాట్లాడుతున్నా, చెప్పండి" అనేసరికి ఆ మొహమాటం కూడా తీరిపోయింది.

లాండ్రీ పెద్దదేం కాదు. ముందు గదిలో కౌంటరు, దాని పక్కన భర్త కుట్టుమిషను. ఆయన దర్జీ. వదులైనవి బిగిస్తాడు, బిగువైనవి వదులు చేస్తాడు, రెండూ చేస్తూ లోకం మీద సణుగుతాడు. వెనక గదిలో రెండు పెద్ద వాషింగ్ మిషన్లు, కిటికీ కింద ఒక సిమెంటు గట్టు, గట్టు పక్కన కొళాయి. మిషన్ల పని ఎవరైనా చేస్తారు. గట్టు మీద పని మాత్రం మరకలమ్మదే. సిరా, తుప్పు, కాఫీ, ఇంజను నూనె, నెత్తురు, ఏదైనా సరే, గుడ్డని కిటికీ వెలుతురులోకి ఎత్తి, రెండు వేళ్ల మధ్య నలిపి, ఒకసారి వాసన చూసి, పైన అరలో ఉన్న పదమూడు సీసాల్లోంచి ఒకటి తీస్తుంది. తప్పు సీసా తీసిన దాఖలా లేదు.

పెళ్లికి ముందు ఆవిడ ఒక పెద్ద హోటలు లాండ్రీలో పని నేర్చుకుంది. అక్కడి పెద్దావిడ రెండే రెండు విషయాలు నూరిపోసింది. ఒకటి, మరకని ఆరనివ్వకూడదు. చూసిన మరుక్షణం చల్లటి నీళ్లు తగలాలి. రెండు, అది ఎలా పడిందని అడగకూడదు. హోటలు దుప్పట్లు ఎన్నో కథలు చెబుతాయి, అవన్నీ వింటూ కూర్చుంటే చాకిరీ ఎప్పుడు తెమిలేది?

సొంతకొట్టు పెట్టుకున్నాక కూడా మరకలమ్మ ఆ రెండో మాట తప్పలేదు. నెలకోసారి నెత్తుటి మరకల దిండు గలేబులు తెచ్చే ఒక బ్యాంకు ఆవిడ ఉండేది. గలేబులు కౌంటరు మీద పెట్టి పైటో, జుట్టో సర్దుకుంటూ ఎటో చూసేది. మరకలమ్మ "రేపు సాయంత్రం రండి" అనేది. ఏడేళ్లు అలా నడిచింది. తర్వాత ఆవిడ రావడం మానేసింది. ఎందుకు మానేసిందో కూడా మరకలమ్మ ఎవరినీ అడగలేదు. ఆవిడ కడుపులో పడ్డ మాట బయటికి రాదని నలుగురూ మెచ్చుకునేవాళ్లు. ఆ మెప్పు ఆవిడకి ఇష్టం. అందులో గర్వపడటానికి ఏముందని ఆ రోజుల్లో ఎవరూ అడగలేదు, అడిగినా ఆవిడకి అర్థమయ్యేది కాదు.

ఇక పిల్ల సంగతి. మరకలమ్మకి పిల్లల్లేరు. అక్క పోయినప్పుడు అక్క కూతురికి తొమ్మిదేళ్లు. బావగారు ఏడాది తిరక్కుండా ఇంకో సంసారం చూసుకున్నాడు. పిన్ని వెళ్లి పిల్లని చెయ్యి పట్టుకుని తెచ్చేసుకుంది. బొత్తిగా నోరు లేని పిల్ల. ఆకలేస్తోందని ఒకసారి చెబుతుంది, అదీ మెల్లిగా. వినపడకపోతే రెండోసారి చెప్పదు, వెళ్లి నీళ్లు తాగి కూర్చుంటుంది. "నీ నోట్లో మాట బయటికి రావాలంటే టిక్కెట్టు కొనుక్కోవాలటే?" అని దర్జీ బాబాయి ఎన్నిసార్లు ఆటపట్టించాడో లెక్కలేదు. అన్నప్పుడల్లా నవ్వేది. ఆ నవ్వు కూడా చప్పుడు లేకుండానే.

పెద్దదై కళ్లజోళ్ల దుకాణంలో పనికి కుదిరింది. వెనక గదిలో కూర్చుని అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని. వేళ్లు నిలకడగా ఉండాలి, నోటితో పనిలేదు. తనకి సరిగ్గా సరిపోయింది. మూడేళ్లలో స్టాకు బీరువా తాళంచెవి తన చేతికిచ్చేంత నమ్మకం సంపాదించుకుంది. ఆ రోజు పిన్ని వీధిలో కనపడ్డ వాళ్లందరికీ చెప్పుకుంది.

ఆ తాళంచెవే కొంప ముంచింది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకి దుకాణం మేనేజరు ఫోను చేశాడు. సోమవారం పొద్దున్నే స్టాకు చూడ్డానికి పైవాళ్లు వస్తున్నారట, తాళంచెవి తన దగ్గర ఉండాలట, ఒంట్లో బాగోలేదు కాబట్టి ఇంటికి తెచ్చివ్వమన్నాడు. మూడేళ్లుగా రోజూ చూస్తున్న మనిషి. పిల్ల నీలం డ్రస్సు వేసుకుని బయల్దేరింది. ఎవరో కుట్టించుకోవడానికి ఇచ్చి మళ్లీ రాని గుడ్డతో బాబాయి కుట్టిన డ్రస్సు అది. నడుం దగ్గర బిగువు కోసం లోపల మందపాటి కాన్వాస్ గుడ్డ వేసిన వెడల్పాటి పట్టీ, కింద కుచ్చులు. "ఇరవై నిమిషాల్లో వస్తా పిన్నీ" అంది.

మూడు గంటలకి వచ్చింది. ఎవరినీ పలకరించకుండా స్నానాల గదిలోకి వెళ్లి చాలాసేపు ఉంది. బయటికొచ్చి, డ్రస్సుని లోపలి వైపు బయటికి తిప్పి చుట్టచుట్టి వెనక గదిలో బుట్ట మీద పెట్టి, తన మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. తలనొప్పేమో అనుకుని పిన్ని కదపలేదు.

కాసేపటికి బుట్ట దగ్గరికి వెళ్లి ఆ చుట్ట విప్పింది.

చూడగానే తెలిసింది. ముప్ఫై ఏళ్ల చెయ్యి అది, తెలియకపోవడం ఉండదు. తర్వాత చాలామంది ముందు "నాకు తట్టలేదండీ" అంది కానీ అది అబద్ధం. తెలిసింది.  తెలుస్తుండగానే చెయ్యి వెళ్లి కొళాయి తిప్పింది. చల్లటి నీళ్లు, ఉప్పు, కాసేపాగి మెత్తటి సబ్బు, మళ్లీ నీళ్లు. ఏ కష్టం వచ్చినా ఆవిడ చేతులకి తెలిసిన పని అదొక్కటే. పిల్లకి ఏమీ కాలేదని ఆ గుడ్డ చేతే చెప్పించాలన్నట్టు వంచిన నడుం ఎత్తకుండా ఉతికింది. గంట తిరిగేసరికి వెనక తీగ మీద డ్రస్సు ఆరేసింది, కొత్తదానిలా ఉంది.

అప్పుడు కాఫీ కలిపి తీసుకెళ్లి మంచం పక్కన కూర్చుంది. పిల్ల కళ్లు తెరిచింది.

"పిన్నీ, నా డ్రస్సేది?"

"ఉతికేశానమ్మా."

 "ఉతికేశావా" అంది పిల్ల, ప్రశ్నలా కాదు. తర్వాత, "దాన్ని స్టేషన్‌కి పట్టుకెళ్దామనుకున్నా. కాసేపు పడుకుని లేచి, నీకు చెప్పి, వెళ్దామనుకున్నా" అంది. అప్పుడు చెప్పింది ఏం జరిగిందో, ఒకేసారి, మెల్లిగా. మరకలమ్మ చేతిలో కాఫీ గ్లాసు అలాగే ఉండిపోయింది. తను అడగకుండా ఉంచుకున్న మర్యాద ఏపాటిదో ఆ పూట తెలిసొచ్చింది ఆవిడకి.

దర్జీకి చెబితే ముందు ఒంటికాలి మీద లేచాడు, వాడి అంతు చూస్తానన్నాడు. కత్తెర పట్టుకుని వీధి తలుపు దాకా వెళ్లాడు. అక్కణ్నుంచి వెనక్కొచ్చి కుర్చీలో కూలబడి ఏడ్చాడు. ఏడుస్తూనే, "అయినా నువ్వు ఎందుకెళ్లావమ్మా? తాళంచెవి రేప్పొద్దున ఇస్తే కొంపలు మునుగుతాయా?" అన్నాడు.

"ఆయన తెమ్మన్నారు బాబాయ్."

"తెమ్మంటే మాత్రం! గుమ్మంలో ఇచ్చేసి రావాల్సింది కదా."

ఆయన దుర్మార్గుడేం కాదు. పిల్లకి జ్వరమొస్తే రాత్రంతా విసనకర్ర విసిరిన మనిషి. ఆయన నోట్లోంచే ఆ మాట వచ్చిందంటే ఇక పరాయివాళ్ల నోళ్లలోంచి ఏం రాబోతోందో అప్పుడే ఊహించాల్సింది. "నలుగురికీ తెలిస్తే పరువు పోతుంది, నోరు మూసుకుని ఊరుకుందాం" అని కూడా అన్నాడు. ఎప్పుడూ రెండోసారి మాట్లాడని పిల్ల, "నేను వెళ్తాను బాబాయ్" అని రెండుసార్లు అంది.

తడి డ్రస్సు ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని పిన్నీ కూతురూ స్టేషన్‌కి వెళ్లారు. ఆదివారం కాబట్టి పెద్దాయన లేరన్నారు, రేపు రమ్మన్నారు. రేపు వెళ్తే ఎల్లుండి ఆసుపత్రికి పంపారు. స్నానం చేసి రెండ్రోజులైంది కదా, ఇక దొరికేదేం ఉండదని డాక్టరు పెదవి విరిచాడు. ఒంటి మీద చెప్పుకోదగ్గ గాయాలు లేవని రాసిచ్చాడు. స్టేషన్‌లో ఫిర్యాదు రాసుకునే ఆవిడ డ్రస్సు చూసి ముక్కున వేలేసుకుంది.

"ఇది శుభ్రంగా ఉతికేశారు కదమ్మా! దీన్నేం చేసుకోను? ఈ బట్టొక్కటి ఉతక్కుండా ఉండుంటే కేసు రాయిలా నిలబడేది." సంచితో సహా తిరిగిచ్చేసింది.

మేనేజర్ని పిలిచి అడిగితే, ఆదివారం ఆ పిల్ల తన ఇంటి ఛాయలకే రాలేదన్నాడు. తాళంచెవి శనివారమే ఇచ్చేసిందట, పనిలో మందలించానని కక్ష కట్టిందట. మంచి చొక్కా, మంచి భాష, చేతిలో ఫైలు. రాయలేదని ఎవరూ అనకుండా కేసు మాత్రం రాశారు. పిల్ల ఉద్యోగం పోయింది, అతనిది పోలేదు.

ఆ రోజు నుంచీ మరకలమ్మని ఒకే మాట పట్టుకుంది. ఈ బట్టొక్కటి ఉతక్కుండా ఉండుంటే. కౌంటరు దగ్గర రసీదు రాస్తూ రాస్తూ ఆగిపోయేది. గట్టు దగ్గర కొళాయి విప్పి, బట్ట ముంచకుండానే మళ్లీ కట్టేసేది. పరామర్శకి వచ్చినవాళ్లంతా పుండు మీద కారం చల్లినట్టు అదే మాట అనేవాళ్లు, "అంత అనుభవం ఉన్నదానివి, ఎలా ఉతికావే తల్లీ" అని. వాళ్లే గుమ్మం దాటాక, ఒంటరి మగాడి ఇంటికి ఆదివారం పూట ఏ పిల్ల వెళ్తుందని గొంతు తగ్గించి అనుకునేవాళ్లు. మొదటి మాట మరకలమ్మ నెత్తిన పెట్టుకుంది, రెండోది చెవిన వేసుకోలేదు. పిల్ల మాత్రం ఒక్కసారి కూడా పిన్నిని ఏమీ అనలేదు. అనుంటే ఆవిడకి కాస్త తేలికపడేది.

"నేను ఉతక్కుండా ఉంటే..." అని రోజుకోసారైనా అనేది.

"పోనీ పిన్నీ" అనేది పిల్ల, కౌంటరులో బట్టలకి చీటీలు గుచ్చుతూ. ఇప్పుడు తన పని అదే.

అలా అయిదు నెలలు గడిచాయి. ఒకరోజు దర్జీ ఎవరిదో గౌనుకి నడుం పట్టీ కుడుతూ, "నువ్వు ఉతికిన పట్టీ ఒక్కటీ ముడుచుకోదు, మిగతా కొట్లవాళ్లు కాన్వాస్‌ని అప్పడం చేసి పంపుతారు" అని ఏదో మాటవరసకి అన్నాడు. మరకలమ్మ చేతిలో బట్ట కింద పడేసింది. నిజమే. కాన్వాస్ తడిస్తే ముడుచుకుంటుంది కాబట్టి ఆవిడ పట్టీని ఎప్పుడూ తడపదు. పట్టీని ఎడమ పిడికిట్లో పొడిగా పట్టుకుని కింది గుడ్డనే నీళ్లలో ముంచుతుంది. హోటల్లో నేర్చుకున్న పట్టు అది, నిద్రలో లేపి బట్ట చేతికిచ్చినా అలాగే పట్టుకుంటుంది. ఆ ఆదివారమూ ఆవిడ ఎడమ చెయ్యి అలాగే పట్టుకుంది. అంటే పట్టీ లోపలి మడత తడవలేదు.

స్టేషన్‌వాళ్లు తిరిగిచ్చిన డ్రస్సు దాచిన బీరువా తలుపు తీసింది కానీ దాన్ని ముట్టుకోలేదు. ప్రభుత్వం తరఫున కేసు నడిపే ప్లీడరమ్మకి ఫోను చేసి, ఉక్కిరిబిక్కిరవుతూ పిడికిలి సంగతంతా చెప్పింది. ఆవిడ ముందు విసుక్కుంది, తర్వాత రెండుసార్లు చెప్పించుకుంది, ఆ తర్వాత మనిషిని పంపి డ్రస్సు కాగితం సంచిలో పెట్టించి, సీలు వేయించి ల్యాబుకి పంపింది.

జవాబు రావడానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ ఇంట్లో ఎవరూ ఆ ఊసు ఎత్తలేదు, ముగ్గురూ అదే తలుచుకుంటూ తిరిగారు. చివరికి ఒక మధ్యాహ్నం ప్లీడరమ్మ ఫోను చేసింది. పట్టీ లోపల, కాన్వాస్ మీద, మరక మిగిలే ఉంది. అది అతనిదే, అనుమానం లేదు. అతను ఆ పిల్ల తన ఇంటికే రాలేదని చెప్పినమాట పచ్చి అబద్ధమని తేలిపోయింది.

ఆ పూట లాండ్రీ మూసేశారు. మరకలమ్మ పిల్లని పట్టుకుని ఊపేసింది, "చూశావా, నా చెయ్యి నిన్ను అన్యాయం చెయ్యలేదే, చూశావా" అంటూ. దర్జీ అయితే పూనకం వచ్చినట్టు గదంతా తిరిగాడు. "కాన్వాస్ వేసిందెవరు? నేను! సన్న కాన్వాస్ చాలదా అంటే, వద్దు, మందంది వేస్తానన్నదెవరు? నేను!" అన్నాడు. పిల్ల నవ్వింది. ఏడాదిలో అదే మొదటిసారి, కాస్త చప్పుడు కూడా అయింది. ముగ్గురూ కౌంటరు వెనక కూర్చుని రొట్టె తిన్నారు. ఇక నలుగురి ముందూ ఒక పెద్దమనిషి లేచి, ఈ పిల్ల చెప్పింది నిజం అనేస్తాడు, అది చాలు, ఆ తర్వాత వాడు జైల్లో ఎన్నేళ్లుంటే ఏం, ఉండకపోతే ఏం అనుకుంది మరకలమ్మ.

కోర్టు గదిలో ఫ్యాను ఒకటి కిర్రు కిర్రుమంటూ తిరుగుతోంది. మరకలమ్మని ముందు పిలిచారు. ప్లీడరమ్మ అడిగినవాటికి తొణక్కుండా చెప్పింది. ముప్ఫై ఏళ్ల పని, చల్లటి నీళ్లు, కాన్వాస్, ఎడమ పిడికిలి. ఎలా పట్టుకుంటుందో గాల్లో చూపించింది కూడా. జడ్జిగారు కళ్లజోడు తీసి మరీ చూశాడు. తన పని గురించి ఒక పెద్ద గదిలో అంతమంది నిశ్శబ్దంగా వినడం ఆవిడకి అదే మొదటిసారి, కొంచెం సంతోషం కూడా కలిగింది.

అప్పుడు అవతలి ప్లీడరు లేచాడు. నెమ్మదస్తుడు, చూస్తే మేనమామలా ఉన్నాడు.

"అమ్మా, మీరు చూడగానే ఆ మరక ఏమిటో గుర్తుపట్టారా?"

తట్టలేదని అందామనుకుంది. ఇప్పుడే కదా ముప్ఫై ఏళ్ల గురించి చెప్పింది, నోరు రాలేదు. "పట్టానండీ."

"పట్టి, పక్కగదిలో ఉన్న పిల్లని లేపి ఏం జరిగిందమ్మా అని అడిగారా?"

"లేదండీ."

"ఎందుకని?"

"మేం అడగమండీ. మా పనిలో అడగకూడదు."

"సొంత కూతురిలా పెంచిన పిల్లని కూడా అడగరా? అంటే ఏదో ఘోరం జరిగిందని మీకు ఆ క్షణాన అనిపించలేదన్నమాట. వయసులో ఉన్న పిల్ల, ఏదో జరిగింది, కనపడకుండా ఉతికేద్దామనుకున్నారు. అంతేనా?"

"కాదండీ" అంది. మరేమిటో చెప్పడానికి మాటల కోసం వెతుక్కుంటుండగానే అతను తల ఊపి ముందుకెళ్లిపోయాడు.

"పోనివ్వండి. ల్యాబు చెప్పినదాన్ని, మీరు చెప్పినదాన్ని మేం పూర్తిగా ఒప్పుకుంటున్నాం. ఆ మరక మా క్లయింటుదే."

మరకలమ్మ ప్రాణం లేచొచ్చింది. పిల్లవైపు చూసింది. ప్లీడరమ్మ మొహం పాలిపోవడం మాత్రం చూడలేదు.

"ఆ పిల్ల ఆ రోజు వచ్చింది. ఇద్దరూ ఇష్టపడే దగ్గరయ్యారు. ఆ పిల్ల పేరు నలుగురి నోళ్లలో నానకూడదని, పెద్దమనిషి తరహాలో, మా క్లయింటు మొదట ఆమె రాలేదని చెప్పాడు." స్టేషన్‌లో చెప్పినమాటని కోర్టులో పట్టుకోవడానికి వీల్లేదట, చట్టం అలాగే ఉందట. "ఇక మీకు ఒక్కటే ప్రశ్న అమ్మా. ముప్ఫై ఏళ్లలో ఎన్నో మరకలు చూశారు. ఆ మరక ఇష్టంతో పడిందా, ఇష్టం లేకుండా పడిందా? మీ అనుభవంతో అది చెప్పగలరా?"

 మరకలమ్మ బోను చెక్క కటకటాలు పట్టుకుని నిలబడింది. పని విషయంలో ఆవిడ ఎన్నడూ అబద్ధమాడలేదు. పోతుందన్న మరక పోయేది, పోదన్నది పోయేది కాదు.

"చెప్పండమ్మా."

"మరకకి అదెలా తెలుస్తుందండీ" అంది.

"అంతేనమ్మా. వెళ్లి కూర్చోండి."

తర్వాత పిల్ల. ఇంటికి వెళ్లమని ఎవరైనా బలవంతం చేశారా? లేదు. గుమ్మం బయట చెప్పులు విప్పి, జత చేసి పక్కన పెట్టారా? పెట్టాను. నీళ్లిస్తే తాగారా? తాగాను. కేకలేశారా? లేదు. పక్క వాటా గోడ ఎంత మందం, ఇటుక గోడేనా, అవతల టీవీ నడుస్తోందా? తెలీదు. వచ్చేసేటప్పుడు "వస్తాను సార్" అని చెప్పి వచ్చారా?

"చెప్పాను. రోజూ చెప్తాను. అలవాటుగా వచ్చేసింది."

"వద్దని ఎన్నిసార్లన్నారు?"

"మూడుసార్లు."

అలవాటు లేని పని మూడుసార్లు చేసింది ఆ పిల్ల. మరకలమ్మకి తప్ప ఆ గదిలో ఇంకెవరికీ ఆ సంగతి తెలీదు. తెలిసినా అది ఏ కాగితం మీదా ఎక్కదు.

"కొంచెం గట్టిగా చెప్పమ్మా" అన్నాడు జడ్జిగారు, కసురుకుంటూ కాదు, మంచిగానే. "రాసుకునేవాళ్లకి వినపడటం లేదు."

"మూడుసార్లండీ" అంది మళ్లీ. మళ్లీ వినపడలేదు.

అవతలి ప్లీడరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నవ్వలేదు కూడా. "గమనించమని మనవి. కోర్టువారు గట్టిగా చెప్పమన్నా ఈ అమ్మాయి మాట నాలుగు అడుగుల దూరంలో వినపడటం లేదు. ఆ రోజు మా క్లయింటుకి వినపడిందని, అర్థమైందని ఎలా అనుకోవాలి?"

అతను వినపడేంత దగ్గరలోనే ఉన్నాడని, అంతకంటే దగ్గర ఇంకేముంటుందని మరకలమ్మకి అరవాలనిపించింది. సాక్షులు మధ్యలో మాట్లాడకూడదని ముందే చెప్పి కూర్చోబెట్టారు.

తీర్పు రెండు నెలల తర్వాత చదివారు. ఏదో జరిగిందన్నది నిస్సందేహమట. పిల్ల బాధపడిందన్నదీ కాదనలేమట. కానీ ఆమెకి ఇష్టం లేదని అతనికి స్పష్టంగా తెలిసిందని నిరూపించడానికి ఆమె నోటిమాట తప్ప ఇంకేమీ లేదట. అనుమానం ఉన్నచోట శిక్ష వెయ్యలేరట. కేసు కొట్టేశారు. పిల్ల అబద్ధం చెప్పిందని అనలేదు, నిజం చెప్పిందనీ అనలేదు. అతను లేచి జడ్జిగారికి దండం పెట్టి, చొక్కా సర్దుకుని, పక్కనుంచే వెళ్లిపోయాడు. ప్లీడరమ్మ పైకోర్టు అంటూ ఏదో చెప్పి, ఇంకో కేసు ఫైలు తీసుకుని పరుగెత్తింది.

ఇంటికొచ్చేసరికి నాలుగున్నర. తీసుకెళ్లాల్సిన బట్టల కోసం ఇద్దరు బయట నిలబడి ఉన్నారు, ఇచ్చి పంపారు. వాళ్లకీ తెలుసు. మామూలు కంటే ఎక్కువ మర్యాదగా మాట్లాడారు, పిల్ల మొహంలోకి చూడకుండా. దర్జీ మిషను ముందు కూర్చున్నాడు కానీ తొక్కలేదు. "ఆ రోజు గుమ్మంలోనే ఇచ్చేసి..." అని మొదలుపెట్టి, భార్య మొహం చూసి నీళ్లు నమిలి ఊరుకున్నాడు.

వెనక గదిలో పిల్ల గట్టు మీద కూర్చుంది. మరకలమ్మ పక్కన నిలబడింది. ఏదో ఒకటి అనాలి కదా. ఏడాదిన్నరగా నాలిక మీదున్న మాటే వచ్చింది.

"నేను ఉతక్కుండా ఉంటే..."

"ఉతక్కపోయినా ఇంతే పిన్నీ" అంది పిల్ల. ఈసారి పోనీ అనలేదు. "డ్రస్సు ఎలా విప్పానో అలాగే తీసుకెళ్లి వాళ్ల బల్ల మీద పెట్టినా ఇంతే. అప్పుడు మొదటి రోజే ఇష్టపడే జరిగిందనేవాడు. నీ చేతిలో ఏమీ లేదు. నువ్వేం తప్పు చెయ్యలేదు."

ఏడాదిన్నరగా ఎవరైనా ఆ మాట అంటే బాగుండునని ఎదురుచూసింది మరకలమ్మ. తీరా పిల్లే అనేసరికి ఓర్చుకోలేకపోయింది. ఇన్నాళ్లూ తను మోసింది తప్పు ఒక్కటే కాదు. తను ఆ పని చెయ్యకపోయి ఉంటే న్యాయం జరిగేదన్న నమ్మకం కూడా దాని కిందే దాక్కుని ఉంది. ఇప్పుడు రెండూ పోయాయి.

"అలా అనకే. నాదే తప్పు" అంది బతిమాలుతున్నట్టు. "నాదే అను."

 పిల్ల మామూలుగా, తన మెల్లటి గొంతుతోనే చెప్పింది.

"నీదైతే ఎంత బాగుండేది పిన్నీ. బట్టలు ఉతక్కమ్మా అని ఇంకో పిల్లకైనా చెప్పేవాళ్లం. ఇప్పుడు ఎవరైనా వచ్చి ఏం చెయ్యమంటావని అడిగితే ఏం చెప్తాం?"

 ముందు గదిలో గంట మోగింది, ఎవరో బట్టలు తెచ్చారు. ఇద్దరూ కదల్లేదు.